పాత ల్యాప్‌టాప్ చాలా, స్ట్రీమర్ కొనాలా?

మంచి స్పీకర్లు కొన్నవారు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటే. "ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపితే చాలదా? స్ట్రీమర్ కొంటే పాట ఇంకా బాగుంటుందా?" స్ట్రీమర్ అంటే నెట్ నుంచో ఇంట్లోని హార్డ్ డిస్కు నుంచో పాట తెచ్చి వినిపించడానికే తయారైన చిన్న పెట్టె. ఫోనులో ఒక్కొక్కరికీ అరగంట చెప్పడం కన్నా ఒకసారి రాసి పెట్టడం నయమనిపించింది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫైలూ డాక్ ఒకటే అయి, పాట తాలూకు అంకెలు దారిలో ఏ మార్పూ లేకుండా డాక్‌కు చేరితే, వాటిని పంపింది ల్యాప్‌టాపా స్ట్రీమరా అన్నది చెవికి తెలియదు. కాబట్టి ముందు ఉన్న కంప్యూటర్‌తోనే మొదలుపెట్టండి. కింద చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితే శబ్దం కోసమని స్ట్రీమర్ కొనే పని లేదు. అయినా కొనాల్సి రావచ్చు. దానికి కారణాలు వేరు, అవి తర్వాత చెబుతాను.

డాక్ అంటే పాట తాలూకు అంకెలను విద్యుత్ తరంగంగా మార్చి యాంప్లిఫయర్‌కు ఇచ్చే పెట్టె. ఇప్పుడు దొరికే యూఎస్‌బీ డాక్‌లలో చాలావరకు సొంత గడియారంతో నడుస్తాయి. కచేరీ భాషలో చెప్పాలంటే, తాళం వేసేది డాక్. కంప్యూటర్ పక్కన కూర్చుని, అడిగినప్పుడు పుస్తకంలో పేజీ తిప్పుతుంది, అంతే. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

కావలసినవి

ఐదారేళ్ల నాటిదైనా సరే, పనిచేసే కంప్యూటర్. బయట పెట్టుకునే యూఎస్‌బీ డాక్ ఒకటి (కొన్ని యాంప్లిఫయర్లలో లోపలే ఉంటుంది, వెనక యూఎస్‌బీ సాకెట్ ఉందేమో ముందు చూసుకోండి). ఒకటి రెండు మీటర్ల మామూలు యూఎస్‌బీ కేబుల్. చాలా డాక్‌లకు ప్రింటర్ కేబులే సరిపోతుంది, దానికి వేలు పోయకండి. పరీక్ష కోసం 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి, 96 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి (శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాశారో చెప్పేది ఇది, దీన్నే శాంపిల్ రేటు అంటారు). వీలైతే ఒక మల్టీమీటర్.

1. ముందు ఫైళ్ల సంగతి చూడండి

సీడీలో ఉండేది 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల శబ్దం. దాన్ని ఏమీ పోగొట్టకుండా కుదించి దాచేది ఫ్లాక్. కుదించకపోతే గంట పాటలకు 635 మెగాబైట్లు పడతాయి, ఫ్లాక్‌లో సాధారణంగా అందులో సగానికి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. మీ దగ్గర సీడీలు ఉంటే విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడి ఎక్కించుకోండి. రెండూ యాక్యురేట్‌రిప్ అనే పట్టికతో సరిచూసి, మీ కాపీ ఇతరులు చేసిన కాపీలతో సరిపోయిందో లేదో చెబుతాయి.

చేతులు మారి వచ్చిన ఫైళ్లను మాత్రం పేరు చూసి నమ్మకండి. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే ఫైలు లావెక్కుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, పాటలో శబ్దాలు ఎంత పై స్థాయి దాకా ఉన్నాయో అది బొమ్మగా చూపుతుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు బొమ్మ ఆగిపోతే అది 128 కిలోబిట్ల ఎంపీ3 నుంచి వచ్చిందని దాదాపు ఖాయం. ఇక్కడే ఒక జాగ్రత్త. గ్రామఫోన్ రికార్డుల కాలం పాటల్లో పై శబ్దాలు అసలే తక్కువ. వాటి బొమ్మ పొట్టిగా ఉన్నంత మాత్రాన దొంగ ఫైలని పారేయకండి. నునుపైన అంచూ కోసిన అంచూ చూడగానే తేడా తెలుస్తుంది.

2. డాక్‌ను కలపండి

విండోస్ 10లో 2017 నాటి 1703 కూర్పు నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ లోపలే ఉంది, చాలా డాక్‌లు పెట్టగానే పనిచేస్తాయి. మ్యాక్, లైనక్స్‌లలో విడిగా డ్రైవర్ ఎక్కించే ఇబ్బంది అంతకు ముందు నుంచే లేదు. డాక్‌ను నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి. మౌస్, హార్డ్ డిస్కు, పెన్ డ్రైవ్ వేలాడుతున్న హబ్‌కు గుచ్చి, పాట తెగుతోందని కంగారుపడేవారు ఎక్కువ.

3. విండోస్ మిక్సర్‌ను దారి నుంచి తప్పించండి

కంప్యూటర్‌లో అసలు చిక్కు ఇదే. విండోస్ అన్ని శబ్దాలనూ, అంటే పాటనూ, మెయిల్ వచ్చినప్పటి టింగుమనే మోతనూ, ఒకే కుండలో కలిపి ఒకే శాంపిల్ రేటుకు మార్చి పంపుతుంది. పైగా గరిష్ఠ స్థాయిని తాకే చోట్ల శబ్దాన్ని కాస్త అణుస్తుంది. ఈ మధ్య సినిమా పాటలన్నీ ఆ గరిష్ఠ స్థాయిని ఒరుసుకునే తయారవుతున్నాయి కాబట్టి ఇది మనకు ఎదురయ్యే సంగతే.

విండోస్‌లో ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ పెట్టుకుని, అవుట్‌పుట్ జాబితాలో మీ డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. డాక్ కంపెనీ ఏషియో డ్రైవర్ (మిక్సర్‌ను తప్పించే మరో దారి) ఇచ్చి ఉంటే అదీ మంచిదే. రెండింటిలో ఏది బాగా వినిపిస్తుందని అడగకండి, రెండూ అవే అంకెలు పంపుతాయి.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ అనే కిటికీ ఉంటుంది. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్, అంటే ఏమీ పోగొట్టని శబ్దం ఇస్తోంది గానీ, మ్యాక్‌లో పాట మారినప్పుడు శాంపిల్ రేటును తనంతట తాను మార్చదు. ఆ కిటికీలో చేత్తో మార్చుకోవాలి, లేదా ఆ పని చేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టుకోవాలి.

మీరు వినేది ముప్పాతిక మూడు వంతులు యూట్యూబ్ అయితే ఈ మెట్టు మీకు అనవసరం. అక్కడి శబ్దం ఎటూ కుదించినదే. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో డాక్‌ను 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టి హాయిగా వినండి.

4. మెరుగులన్నీ ఆపేయండి

సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్లు, ల్యాప్‌టాప్‌తో వచ్చిన బాస్ పెంచే సాఫ్ట్‌వేర్, హాలులో ఉన్న భ్రమ కలిగించే మీటలు, అన్నీ ఆపండి. కంప్యూటర్ వాల్యూమ్, ప్లేయర్ వాల్యూమ్ రెండూ నూటికి నూరు దగ్గర పెట్టి, శబ్దాన్ని యాంప్లిఫయర్‌తోనే తగ్గించుకోండి. హెచ్చరిక: ఈ పని చేసేముందు యాంప్లిఫయర్‌ను బాగా తగ్గించండి. నూరుకు పెట్టి పాట నొక్కి, ఎదురింటి వారిని నిద్ర లేపిన అనుభవం నాకుంది.

పాటకూ పాటకూ మధ్య శబ్దం హెచ్చుతగ్గులను సరిచేసే రీప్లేగెయిన్‌ను మాత్రం పరీక్షలు అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. 1950ల పాట వెనకే నిన్నటి పాట వచ్చే జాబితాల్లో అది లేకపోతే చెయ్యి రిమోట్ వదలదు.

5. అంకెలు ఉన్నవి ఉన్నట్టు చేరాయా?

ఇంతవరకు చేసినవి సెట్టింగులు మాత్రమే. సెట్టింగు పెట్టామని పని జరిగినట్టు కాదు.

మొదటి పరీక్ష: 44.1 ఫైలు పెట్టండి, తర్వాత 96 ఫైలు పెట్టండి. డాక్ మీద అంకె గానీ, దీపం రంగు గానీ మారాలి. రెండింటికీ 48 అనే చూపుతుంటే మిక్సర్ ఇంకా మధ్యలోనే ఉందన్నమాట. మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

రెండో పరీక్ష: డాక్‌కు తెరా దీపమూ లేకపోతే, ఫూబార్‌లో పాట మోగుతుండగా బ్రౌజర్‌లో ఏదైనా వీడియో పెట్టండి. ఎక్స్‌క్లూజివ్ దారి నిజంగా పనిచేస్తుంటే వీడియో శబ్దం ఆ డాక్ నుంచి రాకూడదు. రెండూ కలిసి వినిపిస్తే మిక్సర్ ఇంకా మధ్యలోనే ఉంది.

మూడోది హోం థియేటర్ రిసీవర్ ఉన్నవారికి. డీటీఎస్ సీడీ నుంచి ఎక్కించిన ఫైలును ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ద్వారా రిసీవర్‌కు పంపండి. రిసీవర్ డీటీఎస్ అని చూపితే అంకెలు చెక్కుచెదరలేదని అర్థం. దారిలో ఎక్కడైనా మారి ఉంటే పాటకు బదులు బుస్సుమనే హోరు వస్తుంది, అందుకే వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి.

పాట మధ్యలో టిక్కుటిక్కుమంటే తప్పు సాధారణంగా కంప్యూటర్‌ది. ప్లేయర్‌లో బఫర్ పెంచండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. అప్పటికీ తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. చాలాసార్లు వై-ఫై డ్రైవర్ దొరుకుతుంది.

6. హమ్మింగ్

నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. "డాక్ మార్చాను, కేబుల్ మార్చాను, స్పీకర్‌లో గుయ్యిమనే మోత పోవడం లేదు" అంటారు. తప్పు చాలాసార్లు ఆ రెండింటిదీ కాదు.

పాట ఆపేయండి. యాంప్లిఫయర్‌ను రోజూ వినే స్థాయిలో ఉంచి, స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. మోత ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకండి. వెంటనే ఆగిందా? అయితే చార్జర్ దారిన ఒకటి, యాంప్లిఫయర్ దారిన ఒకటి, ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడి మధ్యలో గొలుసు పడింది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ గొలుసులో పారేది 50 హెర్ట్జ్ మోత, దాని గుణిజాలు. మౌస్ కదిపినప్పుడు సన్నగా కీచుమంటే అది కంప్యూటర్ లోపలి రొద, అదీ ఈ దారినే వస్తుంది.

చార్జర్ పీకినా పోకపోతే యాంప్లిఫయర్‌కు కలిపిన మిగతా వాటిని ఒక్కొక్కటే విప్పుతూ రండి. టీవీ కలిపి ఉంటే సెట్ టాప్ బాక్సు నుంచి కేబుల్ టీవీ లేదా డిష్ తీగ విప్పి చూడండి. మేడ మీద నుంచో వీధి స్తంభం నుంచో వచ్చే ఆ తీగది వేరే ఎర్త్. అసలు దొంగ చాలా ఇళ్లలో అదే.

విరుగుళ్లు, తేలికైనవి ముందు: అన్నింటినీ ఒకే బోర్డుకు గుచ్చండి. వినేటప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. కంప్యూటర్‌కూ డాక్‌కూ ఆప్టికల్ సాకెట్ ఉంటే దాన్ని వాడండి, అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి ఎర్త్ గొలుసు తెగిపోతుంది. దానిలో 96 కిలోహెర్ట్జ్ వరకు నిశ్చింతగా వెళ్తుంది, ఆపైన పరికరాన్ని బట్టి. ఇవేవీ కుదరకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ కొనండి, అది కంప్యూటర్‌కూ డాక్‌కూ మధ్య కూర్చుని ఎర్త్ గొలుసును తెంచే చిన్న పెట్టె. కొనేముందు అది హై స్పీడ్ రకమో కాదో చూసుకోండి, చవక రకాల్లో 96ను దాటి వెళ్లడం కష్టం.

హెచ్చరిక: మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టితే హమ్మింగ్ పోతుందని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పోయే మాట నిజమే. కానీ ఆ పిన్ను మీకు షాక్ కొట్టకుండా కాపాడేది. దాన్ని ముట్టుకోకండి. పాత ఇళ్లలో ఎర్త్ పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూడమనండి. ఒకటి రెండు ఉంటే మామూలే, పదులలో ఉంటే అది పాటల సమస్య కాదు, ఇంటి సమస్య.

కరెంటు పోయినప్పుడే మోత వస్తుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు మారడం తప్ప దానికి వేరే మందు లేదు.

7. పోల్చాలనుకుంటే ఇలా పోల్చండి

స్నేహితుడి స్ట్రీమర్ రెండు రోజులు తెచ్చుకున్నారనుకోండి. పాట పెట్టి, "అబ్బ, ఎంత తేటగా ఉంది!" అనేయకండి. ఆ మాట నేనూ అన్నాను. తర్వాత కొలిస్తే తేలిందేమిటంటే, ల్యాప్‌టాప్ ప్లేయర్‌లో వాల్యూమ్ గీత పిసరంత కిందికి జరిగి ఉంది. శబ్దం ఒక డెసిబెల్ ఎక్కువైనా మన చెవి దాన్ని "పెద్దగా ఉంది" అనదు, "బాగుంది" అంటుంది.

రెండింటినీ అదే డాక్‌కు కలపండి. 100 హెర్ట్జ్ పరీక్ష స్వరం పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలవండి (రెండు మొనలూ ఒకదానికొకటి తగలనివ్వకండి, యాంప్లిఫయర్ కాలిపోగలదు). రెండు కొలతల మధ్య తేడా నూటికి ఒక వంతు లోపు ఉంటే డెసిబెల్‌లో పదో వంతు లోపే ఉన్నట్టు. నూటికి పన్నెండు వంతులుంటే అది ఒక డెసిబెల్. ఆ తర్వాత ఇంట్లో ఎవరినైనా మీకు చెప్పకుండా మార్చి మార్చి పెట్టమని, మీరు ఊహించింది కాగితం మీద రాసుకోండి. పదికి తొమ్మిది సరిపోతే మీకు నిజంగా వినిపిస్తోంది. ఆరో ఏడో అయితే బొమ్మా బొరుసే.

8. మరి స్ట్రీమర్ ఎవరికి?

నా లెక్కలో ఇది ఇంట్లో మనుషుల ప్రశ్న. పొద్దున ఐదున్నరకు సుప్రభాతం పెట్టాలనుకునే అమ్మ ల్యాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, అప్‌డేట్ పూర్తయ్యేదాకా ఆగి, ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఎంచుకుంటుందా? వినేది మీరొక్కరే అయి, బల్ల దగ్గర కూర్చునే వింటే కంప్యూటర్ చాలు. హాలులో నలుగురు వినేదైతే, ఫ్యాను చప్పుడు చిరాకు పెడుతుంటే, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను రోజూ పీకి పెట్టాల్సి వస్తుంటే, స్ట్రీమర్ తీసుకోండి.

దారులు మూడు. తయారుగా దొరికే పెట్టె ఒకటి: వీమ్, బ్లూసౌండ్ లాంటివి. కొనేముందు డిజిటల్ అవుట్‌పుట్ ఉందో లేదో చూడండి, ఉంటే మీ డాక్ వృథా కాదు.

రెండోది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్. 2019లో వచ్చిన నాలుగో తరం గానీ తర్వాతది గానీ తీసుకోండి. మూడో తరం దాకా నెట్‌వర్కూ యూఎస్‌బీ ఒకే ఇరుకు సందులో నడిచేవి. వాల్యూమియో లేదా మూడ్ అనే ఉచిత వ్యవస్థను మెమరీ కార్డుకు ఎక్కించి, డాక్‌ను యూఎస్‌బీకి గుచ్చితే స్ట్రీమర్ తయారు. అందరూ చేసే తప్పు పాత ఫోను చార్జర్‌తో నడపడం. నాలుగో తరానికి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఇంకొకటి, ఉన్నట్టుండి కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. సెట్టింగులన్నీ పెట్టాక కార్డుకు ఒక నకలు తీసి దాచుకోండి.

మూడోది నాకు బాగా నచ్చినది: మూలన పడ్డ ల్యాప్‌టాప్‌నే స్ట్రీమర్‌గా మార్చడం. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, అందువల్ల ఇలాంటి యంత్రాలు ఇళ్లలో బోలెడు. వాటిలో విండోస్ బదులు డాఫైల్ అనే పాటల వ్యవస్థ గానీ వాల్యూమియో పీసీ కూర్పు గానీ ఎక్కించి, మూత మూసి, ఫోను నుంచి నడపవచ్చు. ఎక్కించేటప్పుడు లోపలి డిస్కు మొత్తం చెరిగిపోతుంది, ఫొటోలు ముందే తీసిపెట్టుకోండి.

9. స్ట్రీమర్ పెట్టాక చేసే తప్పులు

మొదటిది, బ్లూటూత్‌తో కలపడం. అలా చేస్తే పాట మళ్లీ కుదించబడి, ఫోను గుండా వస్తుంది. ఫోను మోగితే పాట ఆగుతుంది. స్ట్రీమర్‌ను వై-ఫైకి గానీ, వీలైతే లాన్ తీగకు గానీ కలిపి, యాప్ నుంచి పాట ఎంచుకోండి. అప్పుడు ఫోను రిమోట్ మాత్రమే. సరిచూడటానికి పాట మధ్యలో ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. పాట ఆగకుండా సాగితే సరైన దారిలో ఉన్నట్టు.

రెండోది తెలుగు పాటలకు ప్రత్యేకం. ఒక సినిమాలో ఆరు పాటలు, ఐదుగురు గాయకులు. ఆల్బం ఆర్టిస్ట్ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ సినిమా ఐదు ఆల్బంలుగా విడిపోతుంది. ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆ గడిలో అన్ని పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకటే పెట్టండి. పేరు తెలుగులోనా ఇంగ్లీషు అక్షరాల్లోనా అన్నది మీ ఇష్టం. కానీ ఒకటే పద్ధతి పాటించండి, లేకపోతే ఘంటసాల మూడు రకాల అక్షరక్రమాలతో మూడు చోట్ల కనిపిస్తారు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పేర్లు పిచ్చి గీతలుగా వస్తాయి, అవి యూనికోడ్ కాదు కనుక మళ్లీ టైపు చేయక తప్పదు.

మూడోది, పాటకూ పాటకూ మధ్య ఖాళీ. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా విడగొట్టిన కచేరీ ఒకటి పెట్టి వినండి. తానం నుంచి పల్లవిలోకి వెళ్లేచోట తంబురా శ్రుతి క్షణమైనా తెగితే గ్యాప్‌లెస్ పనిచేయడం లేదు. యాప్ సెట్టింగుల్లో వెతకండి, డీఎల్‌ఎన్‌ఏ (ఇంటి నెట్‌వర్క్‌లో ఒక పరికరం నుంచి ఇంకోదానికి పాట పంపే పద్ధతి) దారిలో పంపుతుంటే వేరే దారి ప్రయత్నించండి. సినిమా పాటలు మాత్రమే వినేవారికి ఇది ఎప్పటికీ తెలియని లోపం.

కొనేముందు ఒక మాట. స్ట్రీమర్ ఆయుష్షు దాని వెనకున్న సర్వర్ చేతిలో ఉంటుంది. 2025 మార్చిలో ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో ప్రపంచమంతటా గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ ఆడియో స్ట్రీమర్లు కొన్ని రోజులు పనిచేయలేదు. మరోవైపు, లాజిటెక్ 2012లో ఆపేసిన స్క్వీజ్‌బాక్స్ స్ట్రీమర్లు ఇప్పటికీ పాడుతున్నాయి. వాటి సాఫ్ట్‌వేర్ లిరియన్ అనే పేరుతో అందరికీ అందుబాటులో ఉండటమే కారణం. మీ ఇంట్లోని హార్డ్ డిస్కు నుంచి, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా పాడగలదో లేదో అడిగి తెలుసుకోండి.

అన్నీ పెట్టాక చివరి పరీక్ష. ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, ఐదు నిమిషాల తర్వాత వేయండి (రాస్ప్‌బెర్రీ పై అయితే ముందు యాప్ నుంచి ఆపండి). రూటర్ లేచేదాకా ఆగి, మీరు పక్క గదిలోకి వెళ్లి కూర్చోండి. ఈ పెట్టెలంటే చిరాకుపడే మనిషి ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు కదా, ఆ మనిషిని పాట పెట్టమనండి. మిమ్మల్ని పిలవకుండా పాట మోగితే పని పూర్తయినట్టే.